కంప్యూటర్‌ని టీవీకి కలపడం: బొమ్మా సౌండూ రెండూ సరిగ్గా రావాలంటే

కేబుల్ కొనడానికి బయల్దేరే ముందు టీవీ వెనక ఒక ఫొటో, కంప్యూటర్ వెనక ఒక ఫొటో తీసుకోండి. ఫోన్ టార్చి వేసి, పోర్టుల పక్కన రాసున్న అక్షరాలు కనిపించేలా తీయండి. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, మీ వీధి చివర మొబైల్ షాపుకే వెళ్లినా కౌంటర్ దగ్గర ముందు అడిగేది "దేంట్లోంచి దేంట్లోకి?" అనే. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే వాళ్ల దగ్గర ఏది ఎక్కువ స్టాకు ఉందో అదే మీ చేతికొస్తుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఈ పనిలో కేబుల్ గుచ్చడం పావు వంతే. బొమ్మ ఎటు వెళ్లాలనేది కంప్యూటర్‌లో ఒక సెట్టింగు, సౌండు ఎటు వెళ్లాలనేది ఇంకో సెట్టింగు, టీవీ మెనూలో చేయాల్సింది మరొకటి. వీటిని విడివిడిగా చూడకుండా అన్నీ కలిపి ఆలోచించడం వల్లే, బొమ్మ వచ్చి సౌండు రాకపోతే కేబుల్ పాడైందనుకుని ఇంకో కేబుల్ కొనేవాళ్లు అంతమంది ఉన్నారు.

ముందు పోర్టులు గుర్తుపట్టండి

టీవీ వైపు గొడవ తక్కువ. గత పదేళ్లలో కొన్న టీవీ అయితే హెచ్‌డీఎంఐ పోర్టులు రెండో మూడో ఉంటాయి, పైభాగం వెడల్పుగా ఉండి కింది మూలలు రెండూ లోపలికి వంగినట్టు ఉండే సన్నని పోర్టు అది. వాటిలో ఒకదాంట్లో ఇప్పటికే సెట్ టాప్ బాక్స్ ఉంటుంది, దాన్ని కదిలించకండి, ఖాళీగా ఉన్నది చూసుకుని దాని నంబరు గుర్తుపెట్టుకోండి. ఏఆర్‌సీ అని రాసున్న పోర్టు ఉంటే దాన్ని కూడా వదిలేయడమే మంచిది, రేపు సౌండ్‌బార్ కొంటే దానికి కావాలి. ఇక టీవీకున్న యూఎస్‌బీ పోర్టు పెన్‌డ్రైవ్ పెట్టి సినిమాలు చూసుకోవడానికే, కంప్యూటర్ నుంచి అందులోకి యూఎస్‌బీ వైరు గుచ్చితే ఏమీ రాదు. ఇది తెలియక రెండు వైపులా యూఎస్‌బీ మూతి ఉన్న వైరు కోసం తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు.

కంప్యూటర్ వైపు మాత్రం రకరకాలుగా ఉంటాయి. హెచ్‌డీఎంఐ ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, రెండు వైపులా హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు కేబుల్ ఒకటి చాలు, బొమ్మా సౌండూ రెండూ అందులోనే వెళ్తాయి. హెచ్‌డీఎంఐ లాగే ఉండి ఒక మూల మాత్రమే కోసేసినట్టు ఉంటే అది డిస్‌ప్లేపోర్ట్. దానికి ఒక చివర డిస్‌ప్లేపోర్ట్, రెండో చివర హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్ దొరుకుతుంది, సౌండు కూడా వెళ్తుంది, కాకపోతే అది ఒకవైపు దారి: కంప్యూటర్ డిస్‌ప్లేపోర్ట్ నుంచి టీవీ హెచ్‌డీఎంఐకే పనిచేస్తుంది, తిప్పి గుచ్చుకుని వేరే పనికి వాడదామంటే కుదరదు.

డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సీపీయూ డబ్బా వెనక రెండు చోట్ల హెచ్‌డీఎంఐ కనిపించవచ్చు. ఒకటి పైన, కీబోర్డు మౌసు గుచ్చే యూఎస్‌బీల పక్కన ఉంటుంది, అది మదర్‌బోర్డుది. రెండోది కింద, అడ్డంగా ఉన్న పట్టీలో ఉంటుంది, అది గ్రాఫిక్స్ కార్డుది. కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్ కార్డుకే గుచ్చాలి. మదర్‌బోర్డు పోర్టుకి గుచ్చితే కొన్నింట్లో బొమ్మే రాదు. ఉదాహరణకి ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి ఆ మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ అలంకారానికి మాత్రమే.

కొత్త ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ సీ ఉంటుంది, ఫోన్ ఛార్జర్ పెట్టేలాంటి కోలగా ఉండే పోర్టు. అన్ని సీ పోర్టులూ బొమ్మను బయటికి పంపవు, ఈ మాట షాపుల్లో ఎవరూ చెప్పరు. పోర్టు పక్కన కింద బాణం మొన ఉన్న మెరుపు గుర్తుగానీ (థండర్‌బోల్ట్ అంటారు) డిస్‌ప్లేపోర్ట్ గుర్తుగానీ ఉంటే పంపుతుంది. ఏ గుర్తూ లేకపోతే మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో వివరాలు తీసి "డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్" అనే మాట ఉందో లేదో చూసుకుని అప్పుడు సీ టు హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొనండి.

ఇక పాత కంప్యూటర్ల సంగతి. నీలం రంగులో, మూడు వరుసల్లో 15 చిల్లులుండి రెండు పక్కలా స్క్రూలు బిగించే పోర్టు వీజీఏ. 1987లో వచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆఫీసుల్లో నడుస్తూనే ఉంది. ఇందులో బొమ్మ మాత్రమే వెళ్తుంది, సౌండు వెళ్లే దారే లేదు. టీవీకి కూడా వీజీఏ ఉంటే, అంటే 2010 ప్రాంతంలో కొన్న ఎల్‌సీడీ టీవీల్లాంటివైతే, వీజీఏ కేబుల్‌తో పాటు రెండు వైపులా హెడ్‌ఫోన్ పిన్ను ఉండే 3.5 ఎంఎం ఆడియో కేబుల్ ఒకటి తీసుకోండి. దాన్ని కంప్యూటర్ వెనక ఆకుపచ్చ రంగు చిల్లు నుంచి టీవీలో వీజీఏ పక్కనే ఉండే "పీసీ ఆడియో ఇన్" చిల్లులోకి గుచ్చాలి. హెడ్‌ఫోన్ గుర్తు ఉన్న చిల్లులోకి కాదు, అది టీవీ నుంచి సౌండు బయటికి వచ్చేది.

కంప్యూటర్‌కి వీజీఏ మాత్రమే, టీవీకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే కన్వర్టర్ కావాలి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, షాపువాడు మోసం చేసి కాదు, పేరు తిరగబడి. "హెచ్‌డీఎంఐ టు వీజీఏ" అనేది కొత్త ల్యాప్‌టాప్‌ని పాత మానిటర్‌కి కలిపేది. మీకు కావాల్సింది "వీజీఏ టు హెచ్‌డీఎంఐ". రెండూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకదాని పని ఇంకోటి చేయదు. సరైనదానికి సాధారణంగా కరెంటు కోసం ఒక యూఎస్‌బీ తోక, సౌండు కోసం ఒక 3.5 ఎంఎం పిన్ను ఉంటాయి. ఆ రెండూ కూడా కంప్యూటర్‌కే గుచ్చాలి, వాటిని వదిలేసి వీజీఏ ఒక్కటే పెడితే బొమ్మ రాదు, వచ్చినా సౌండు ఉండదు. లోపల ఏ సర్క్యూటూ లేకుండా ఒక చివర వీజీఏ మూతి, ఇంకో చివర హెచ్‌డీఎంఐ మూతి ఉన్న ఉత్త వైరు ఎవరైనా చూపిస్తే కొనకండి. ఆ దారిలో వచ్చే సిగ్నల్ అనలాగ్, టీవీ అడిగేది డిజిటల్, మధ్యలో మార్చే సర్క్యూట్ లేకుండా వైరు దానంతటది మార్చలేదు. డీవీఐ అనే తెల్లటి వెడల్పాటి పోర్టు ఉంటే డీవీఐ టు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బొమ్మ శుభ్రంగా వస్తుంది, సౌండుకి మాత్రం చాలావరకు వేరే ఆడియో కేబుల్ వేసుకోవాలి.

ఎర్తింగ్ సంగతి చూడకుండా గుచ్చకండి

డెస్క్‌టాప్ సీపీయూ డబ్బాని ఉత్త కాళ్లతో నిలబడి ముట్టుకుంటే ఎప్పుడైనా చేతికి సన్నగా జిల్లుమందా? అయితే ఈ భాగం మీకోసమే.

కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ లోపల చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. అవి కరెంటు లైనులో ఉన్న చెత్తను ఎర్త్ వైరు ద్వారా భూమిలోకి పంపేయడానికి పెట్టినవి. త్రీ పిన్ ప్లగ్గులో మూడో పిన్నుకి నిజంగా ఎర్త్ ఉంటే అంతా బాగుంటుంది. పాత ఇళ్లలో సాకెట్‌కి మూడు చిల్లులున్నా వెనక ఎర్త్ వైరు కలిపి ఉండదు, లేదంటే టూ పిన్ అడాప్టర్ పెట్టి నడిపిస్తుంటాం. అప్పుడు ఆ డబ్బా మీదికి 230 వోల్టుల్లో దాదాపు సగం వచ్చి కూర్చుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జిల్లుమనడంతో సరిపోతుంది, నియాన్ టెస్టర్ పెడితే వెలుగుతుంది కూడా. కానీ అదే డబ్బాకున్న హెచ్‌డీఎంఐ కేబుల్‌ని ఆన్‌లో ఉన్న టీవీకి గుచ్చిన క్షణంలో ఆ కరెంటు పోర్టులోని సన్నని పిన్నుల్లోంచి దారి వెతుక్కుంటుంది, అందులోనూ టీవీకి బయటి నుంచి వచ్చే కేబుల్ వైరో డిష్ వైరో తగిలించి ఉండి అది ఇంకెక్కడో భూమికి తగిలి ఉంటే మరీను. పోర్టు పోతే మదర్‌బోర్డు రిపేరుకో టీవీ రిపేరుకో వెళ్లాల్సి వస్తుంది, వంద రూపాయల వైరుతో మొదలైన పని అక్కడిదాకా వెళ్లడం ఎందుకు?

అందుకని వరస ఇలా పెట్టుకోండి. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, టీవీ ఆపి, రెండింటి ప్లగ్గులూ బోర్డులోంచి పీకేయండి, రిమోట్‌తో ఆపితే సరిపోదు. సెట్ టాప్ బాక్స్ వెనక కేబుల్ వైరు కూడా విప్పండి. అప్పుడు హెచ్‌డీఎంఐ గుచ్చండి. తర్వాత టీవీని, కంప్యూటర్‌ని ఎర్త్ ఉన్న ఒకే సాకెట్ నుంచి ఒకే స్పైక్ బస్టర్ మీద పెట్టండి, చివర్లో కేబుల్ వైరు బిగించండి. సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి, టీవీ కోసం కాకపోయినా గీజరు కోసమైనా చేయించాల్సిన పనే అది. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గులతో పాటు ఆ కేబుల్ వైరునీ తీసేయడం మరిచిపోకండి, పిడుగు దెబ్బ ఆ దారిన కూడా వస్తుంది.

3.5 ఎంఎం ఆడియో కేబుల్ వాడేవాళ్లకి స్పీకర్లోంచి గుయ్‌మని ఆగకుండా ఒక శబ్దం వస్తుంటే దానికి కారణం కూడా ఈ ఎర్త్ గొడవే. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి చూడండి, శబ్దం ఆగిపోతే అదేనని తేలిపోయినట్టు. రెండింటినీ ఒకే బోర్డు మీదికి మార్చడం మొదటి మందు, అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని కేబుల్ మధ్యలో పెట్టే చిన్న డబ్బా దొరుకుతుంది. శబ్దం పోతుంది కదా అని ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకండి.

ఇప్పుడు బొమ్మ తెప్పిద్దాం

ముందు టీవీ ఆన్ చేసి రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ బటన్ నొక్కి, మీరు గుచ్చిన హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకోండి. తర్వాత కంప్యూటర్ ఆన్ చేయండి. మానిటర్ లేకుండా టీవీ ఒక్కటే ఉంటే బొమ్మ దానంతటదే వస్తుంది. ల్యాప్‌టాప్ అయినా, మానిటర్ కూడా ఉన్నా విండోస్ బటన్ పట్టుకుని పి నొక్కండి, పక్కన నాలుగు మాటలు వస్తాయి. డూప్లికేట్ అంటే రెండింట్లో ఒకే బొమ్మ. ఎక్స్‌టెండ్ అంటే టీవీ రెండో స్క్రీన్‌లా పక్కన చేరుతుంది, మౌసుని అంచు దాటిస్తే టీవీలోకి వెళ్తుంది. సెకండ్ స్క్రీన్ ఓన్లీ అంటే టీవీ ఒక్కటే. పీసీ స్క్రీన్ ఓన్లీ అంటే టీవీకి సెలవు. సినిమా చూడ్డానికి నేనైతే సెకండ్ స్క్రీన్ ఓన్లీనే పెట్టమంటాను, ఎందుకంటే డూప్లికేట్‌లో రెండు తెరలకీ కుదిరే రిజల్యూషన్ కోసం చిన్నదాని లెక్కకి పెద్దది దిగిపోవచ్చు, 4కె టీవీ కొని 1366 బై 768 బొమ్మ చూసుకుంటూ "అంత క్లారిటీ లేదేంటి" అనుకోవాల్సి వస్తుంది.

"నో సిగ్నల్" అని వస్తే కంగారు పడకండి. టీవీలో ఎంచుకున్న నంబరూ మీరు గుచ్చిన నంబరూ ఒకటేనా చూడండి, సగానికి సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత టీవీలో ఇంకో పోర్టు. తర్వాత విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బి నొక్కితే ఒకసారి తెర ఆరిపోయి గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, అప్పుడప్పుడు దీంతోనే పని జరుగుతుంది. అప్పటికీ రాకపోతే సెట్ టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐ కేబుల్‌ని కాసేపు అరువు తీసుకుని పెట్టి చూడండి, కేబుల్ తప్పా కాదా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోతుంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి మూత వేసినప్పుడు ఏం చేయాలన్న చోట "డూ నథింగ్" పెట్టండి. అలా పెట్టిన ల్యాప్‌టాప్‌ని మాత్రం మూత వేసి పరుపు మీదో సోఫా మీదో పడేయకండి, వేడెక్కుతుంది.

మ్యాక్‌లో పెద్దగా చెప్పేదేం లేదు. గుచ్చగానే గుర్తుపడుతుంది, సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ దగ్గర మిర్రర్ కావాలో వేరుగా కావాలో చెప్పుకోవడం, సౌండ్ దగ్గర అవుట్‌పుట్‌లో టీవీని ఎంచుకోవడం, అంతే. హెచ్‌డీఎంఐ మీద సౌండు పెంచడానికీ తగ్గించడానికీ మ్యాక్ కీబోర్డు బటన్లు మామూలుగా పనిచేయవు, టీవీ రిమోట్ వాడాల్సిందే.

అంచులు కోసుకుపోతే, అక్షరాలు అలుక్కుపోతే

బొమ్మ వచ్చింది, కానీ కింద టాస్క్‌బార్ సగమే కనిపిస్తోంది, స్టార్ట్ బటన్ అసలు లేదు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. వెనకటి డబ్బా టీవీల్లో బొమ్మ అంచులు వంకరటింకరగా ఉండేవి కాబట్టి కాస్త పెద్దది చేసి అంచులు ఫ్రేము వెనక దాచేసేవాళ్లు. డబ్బా టీవీలు పోయినా ఆ అలవాటు మాత్రం ఫ్లాట్ టీవీల్లోకీ వచ్చేసింది. మందు కంప్యూటర్‌లో లేదు, టీవీలో ఉంది. పిక్చర్ సెట్టింగుల్లో బొమ్మ సైజు లేదా యాస్పెక్ట్ రేషియో దగ్గర ఎల్‌జీలో "జస్ట్ స్కాన్", శామ్‌సంగ్‌లో "స్క్రీన్ ఫిట్" లేదా "ఫిట్ టు స్క్రీన్", సోనీలో "ఫుల్ పిక్సెల్" లాంటి పేర్లుంటాయి. వేరే కంపెనీల్లో వేరే పేరుండొచ్చు, ఒక్కొక్కటీ మార్చి చూడండి, టాస్క్‌బార్ పూర్తిగా కనిపించింది ఏదో అదే మీది. డెస్క్‌టాప్ సైజుని గ్రాఫిక్స్ కార్డు సాఫ్ట్‌వేర్‌లో కుదించే మార్గం కూడా ఉంది కానీ అందులో అక్షరాలు మసకబారతాయి, టీవీలో కుదరనప్పుడు మాత్రమే ఆ పని చేయండి.

అక్షరాల చుట్టూ నీడలా, ఎర్ర నీలం రంగులు పూసినట్టు ఉంటే టీవీ కంప్యూటర్‌ని సెట్ టాప్ బాక్స్ అనుకుంటోందని అర్థం. టీవీలో ఇన్‌పుట్‌ల జాబితాకి వెళ్లి ఆ పోర్టు పేరుని "పీసీ" అని మార్చండి. ఉత్త పేరు మార్పులా కనిపిస్తుంది గానీ శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలు చాలావాటిలో ఆ పేరు పెట్టగానే లోపల జరిగే బొమ్మ సవరణలు ఆగిపోయి రంగులు పూర్తిగా వస్తాయి. దాంతోపాటు షార్ప్‌నెస్ బాగా తగ్గించండి.

రిజల్యూషన్ సంగతి: డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో టీవీని ఎంచుకుని, ఫుల్ హెచ్‌డీ అయితే 1920 బై 1080, 4కె అయితే 3840 బై 2160 పెట్టండి. 32 అంగుళాల టీవీల్లో చాలావరకు హెచ్‌డీ రెడీ, అంటే అసలు తెర 1366 బై 768 మాత్రమే. జాబితాలో 1366 బై 768 గానీ 1360 బై 768 గానీ ఉంటే అదే పెట్టండి, టీవీ 1080 కూడా తీసుకుంటుంది కానీ అంత బొమ్మని చిన్న తెరలో ఇరికించడంలో అక్షరాలు చెదిరిపోతాయి. దూరం నుంచి చదవలేకపోతే రిజల్యూషన్ తగ్గించకండి, దాని పక్కనే ఉండే స్కేల్ అనేదాన్ని 150కో 200కో పెంచండి, 4కె టీవీకి 300 శాతం పెట్టినా తప్పులేదు.

4కె టీవీలో మౌసు ఈడ్చుకుంటూ కదులుతున్నట్టు అనిపిస్తే రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుతుందనే లెక్క, 30 దగ్గర ఆగి ఉంటుంది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 60 ఉందేమో చూడండి. లేకపోతే మూడు చోట్ల ఎక్కడో ఇరుకు ఉంది: ల్యాప్‌టాప్‌లో పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ఉండొచ్చు, అది 4కెని 30 దాకానే మోయగలదు, కేబుల్ నాసిరకం కావచ్చు, లేదా టీవీలోనే ఆ పోర్టుకి తాళం వేసి ఉండొచ్చు. తాళం తీసే చోటుని శామ్‌సంగ్‌లో "ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్", ఎల్‌జీలో "అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్", సోనీలో "హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్" అంటారు. పోర్టే పాతదైతే 1080 పెట్టుకుని 60తో వాడటం నయం.

సౌండు

కేబుల్‌లో సౌండు వెళ్లే దారి ఉన్నా, ఎటు పంపాలో కంప్యూటర్‌కి మనమే చెప్పాల్సి రావచ్చు. విండోస్ 11లో కింద కుడివైపు స్పీకర్ గుర్తు మీద నొక్కితే వాల్యూమ్ గీత వస్తుంది, దాని పక్కనే ఉన్న చిన్న బాణం నొక్కితే సౌండు వెళ్లగలిగే చోట్లన్నీ కనిపిస్తాయి. విండోస్ 10లో అయితే స్పీకర్ గుర్తు నొక్కి, గీత పైన ఉన్న పేరు మీద నొక్కాలి. టీవీ కంపెనీ పేరుగానీ, ఏదో మోడల్ నంబరుగానీ, పక్కన ఇంటెల్ అనో ఎన్విడియా అనో ఏఎండీ అనో ఉంటుంది. అది మీ టీవీ. ఎంచుకోండి.

జాబితాలో టీవీ లేకపోతే ముందు టీవీ ఆన్‌లో ఉందా, ఆ హెచ్‌డీఎంఐ మీదే ఉందా చూడండి, టీవీ వేరే సోర్స్ మీదుంటే కొన్నిసార్లు పేరే రాదు. తర్వాత విండోస్ బటన్‌తో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో control అని కొట్టి కంట్రోల్ ప్యానెల్ తెరిచి సౌండ్‌లోకి వెళ్లండి, ప్లేబ్యాక్ జాబితాలో ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే "షో డిజేబుల్డ్ డివైసెస్" అని ఉంటుంది. దాన్ని టిక్ పెట్టాక బూడిద రంగులో టీవీ బయటపడితే రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేయండి. అక్కడా లేకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా పడలేదు. విండోస్ దానంతటది వేసుకున్న డ్రైవర్‌తో సరిపెట్టుకోకుండా ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా ఏదైతే దాని సైట్ నుంచో ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచో వేయండి, ఎందుకంటే హెచ్‌డీఎంఐ సౌండుని మోసేది సౌండు కార్డు డ్రైవర్ కాదు, గ్రాఫిక్స్ డ్రైవరే.

టీవీని ఎంచుకున్నాక కూడా నడుస్తున్న సినిమా సౌండు ల్యాప్‌టాప్‌లోనే వస్తుంటే ఆ ప్లేయర్ మూసి తెరవండి. వీఎల్‌సీలో ఆడియో మెనూలో ఆడియో డివైస్ అని విడిగా ఉంటుంది, అక్కడ కూడా చూడండి. కంప్యూటర్ వాల్యూమ్ పైకి పెట్టేసి ఇక రిమోట్‌తోనే పెంచుకోవడం తగ్గించుకోవడం అలవాటు చేసుకోండి, రెండు చోట్ల సగం సగం పెట్టుకుంటే ఇంట్లో ఎవరికీ ఎక్కడ తగ్గిందో తెలియదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. మీ దగ్గర ఇప్పటికే కంప్యూటర్‌కి మంచి 2.1 స్పీకర్లు ఉంటే సౌండు టీవీకి పంపాల్సిన పనే లేదు, సన్నని టీవీ స్పీకర్ల కన్నా అవే బాగుంటాయి. బొమ్మ టీవీకి, సౌండు స్పీకర్లకి, అంతే. అలా పెట్టినప్పుడు పెదాలు ఆలస్యంగా కదులుతున్నట్టు అనిపిస్తే టీవీ బొమ్మని సవరించడానికి టైం తీసుకుంటోందన్నమాట, టీవీ మెనూలో గేమ్ మోడ్ పెట్టండి. దాంతో మౌసు కూడా చురుగ్గా కదులుతుంది.

డల్లాస్‌లో ఉన్న మనవడితో అమ్మమ్మా తాతయ్యా టీవీలో మాట్లాడాలనే ఇదంతా చేస్తుంటే ఇంకో మెట్టు ఉంది. జూమ్, గూగుల్ మీట్ లాంటివి స్పీకర్‌ని, మైకుని తమ సెట్టింగుల్లో విడిగా పెట్టుకుంటాయి, విండోస్‌లో మార్చినా అవి పాతదాన్నే పట్టుకుని ఉండొచ్చు. కాల్‌లోకి వెళ్లాక ఆడియో సెట్టింగుల్లో స్పీకర్‌గా టీవీని, మైకుగా వెబ్‌క్యామ్‌నో ల్యాప్‌టాప్‌నో ఎంచుకోండి. హెచ్‌డీఎంఐ వైరులో మీ గొంతు వెనక్కి రాదు కాబట్టి టీవీకి మైకు ఉన్నా ఇక్కడ పనికిరాదు. టీవీ మరీ పెద్దగా పెడితే ఆ సౌండు మైకులోకి వెళ్లి అవతలివాళ్లకి వాళ్ల మాటే మళ్లీ వినిపిస్తుంది. కెమెరా టీవీ పైనో, లేదంటే టీవీ ముందు స్టూలు మీదో ఉండేలా చూడండి, పక్కన బల్ల మీద పెడితే పెద్దవాళ్లు టీవీని చూస్తూ మాట్లాడతారు, అవతల మనవడికి వాళ్ల చెవులే కనిపిస్తాయి.

దూరం ఎక్కువైతే, వైరే వద్దంటే

కంప్యూటర్ ఒక గదిలో, టీవీ హాల్లో ఉంటే కేబుల్ పొడవు లెక్కలోకి వస్తుంది. 5 మీటర్ల దాకా పేరున్న మామూలు కేబుల్‌తో ఇబ్బంది రాదు. 10 మీటర్లకి 1080 వెళ్తుంది కానీ 4కె 60 అంటే మామూలు రాగి కేబుల్‌తో కష్టం, లోపల ఫైబర్ ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోవాలి. దానికి ఒక చివర కంప్యూటర్‌కి, ఇంకో చివర టీవీకి అని రాసి ఉంటుంది, గోడలోంచి లాగేటప్పుడు తిరగబడకుండా చూసుకోండి. బంగారు పూత, మందపాటి అల్లిక, వీటికి డబ్బులు పెట్టక్కర్లేదు. ప్యాకెట్ మీద 1080కి "హై స్పీడ్", 4కె 60కి "ప్రీమియం హై స్పీడ్" అని ఉందేమో చూడండి చాలు.

వైరు లేకుండా కావాలంటే విండోస్ బటన్‌తో కె నొక్కండి, టీవీలో స్క్రీన్ మిర్రరింగ్ తెరిచి ఉంటే పేరు కనిపిస్తుంది. దీనికి ఇంట్లో రౌటర్ కూడా అక్కర్లేదు, కానీ కంప్యూటర్‌కి వైఫై ఉండాలి, లాన్ వైరుతో నడిచే డెస్క్‌టాప్‌లు చాలావాటికి ఉండదు. క్రోమ్‌క్యాస్ట్ ఉన్న ఆండ్రాయిడ్ టీవీ అయితే క్రోమ్ బ్రౌజర్ మెనూలో క్యాస్ట్ నొక్కి ఒక్క ట్యాబ్‌నే పంపొచ్చు, దానికి రెండూ ఒకే వైఫైలో ఉండాలి. పెళ్లి ఫొటోలు చూపించడానికి ఇవి హాయి. రెండున్నర గంటల సినిమాకీ, గేములకీ మాత్రం నేను వైరునే నమ్ముతాను, వైర్‌లెస్‌లో మౌసు కదిపిన కాసేపటికి బాణం కదులుతుంది.

టీవీకి వీజీఏ కన్వర్టర్ ద్వారా కలిపినవాళ్లకి ఓటీటీ సైట్లలో బొమ్మ నల్లగా వచ్చి సౌండు మాత్రమే వినిపిస్తే అది లోపం కాదు. కాపీ చేయకుండా పెట్టిన రక్షణ వీజీఏ దారిలో పనిచేయదు కాబట్టి వాళ్లే ఆపేస్తారు. ఒకే కంప్యూటర్‌ని రెండు టీవీలకి పంచే చవక స్ప్లిటర్లతోనూ ఇదే గొడవ రావచ్చు. టీవీలో పోర్టులు చాలక డబ్బా కొనేవాళ్లు స్ప్లిటర్ కొనకూడదు, స్విచ్ కొనాలి. స్విచ్ రెండు మూడు పెట్టెల్ని ఒక టీవీకి తెస్తుంది, స్ప్లిటర్ ఒక పెట్టెని రెండు టీవీలకి పంచుతుంది.

ఎరుపు, తెలుపు, పసుపు మూడు చిల్లులే ఉన్న డబ్బా టీవీ అయితే హెచ్‌డీఎంఐ టు ఏవీ అనే చిన్న పెట్టె దొరుకుతుంది, యూఎస్‌బీ నుంచి దానికి కరెంటు ఇవ్వాలి. పాటలు, సినిమాలు చూడొచ్చు. అక్షరాలు చదవాలనే ఆశ పెట్టుకోకండి.

సోఫాలోంచి నడపడానికి వైర్‌లెస్ కీబోర్డు, మౌసు తీసుకుంటే వాటి చిన్న రిసీవర్‌ని సీపీయూ వెనక యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టకండి. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో అల్లరి, రిసీవర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌కే అడ్డుపడి మౌసు తడబడుతుంది. ముందు వైపు మామూలు యూఎస్‌బీలో పెట్టండి, లేదంటే చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో టీవీ ముందుకి తెచ్చుకోండి. ఓఎల్‌ఈడీ టీవీ ఉన్నవాళ్లు టాస్క్‌బార్‌ని ఆటోమేటిగ్గా దాక్కునేలా పెట్టుకోండి, గంటల తరబడి అక్కడే కదలకుండా ఉంటే దాని ముద్ర తెర మీద మిగిలిపోవచ్చు. ఇక రిమోట్‌తో టీవీ ఆపితే సెట్ టాప్ బాక్స్ కొన్నిసార్లు తనూ ఆగుతుందేమో గానీ కంప్యూటర్ మాత్రం ఆగదు, చాలా కంప్యూటర్లకి ఆ సంగతి చేరవేసే సదుపాయమే ఉండదు, కాబట్టి స్లీప్ టైమ్ 15 నిమిషాలకి పెట్టుకోండి, పిల్లలు మరిచిపోయినా అదే పడుకుంటుంది.